ఇలోయిలోలో కందుల పులుసు తింటూ

ఫిలిప్పీన్స్ వెళ్ళొచ్చామని చెప్తే చాలు, బొరకాయ్ బీచ్ ఫోటోలు పెట్టమంటున్నారు అందరూ. మేం బొరకాయ్ పోలేదు. అది పనాయ్ దీవికి పై కొసన ఉంది, మేం అదే దీవిలో కింది వైపున ఇలోయిలో నగరంలోనే ఉండిపోయాం. మా అన్న కూతురు అక్కడ మెడిసిన్ చదువుతోంది, దాన్ని చూసి రావడమే అసలు పని. మిగిలిన సమయమంతా తిండికి పోయింది, అందులోనూ ఎక్కువ భాగం కందులు వేసి వండే పులుసు కూరలకి.

మాది తాండూరు వైపు. మా కందికి 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మేం బయల్దేరేటప్పటికి ఊళ్ళో కోతలు అయిపోయి కట్టె పొలం గట్ల మీద ఎండుతోంది. పప్పు, పచ్చిపులుసులోకి ముద్దపప్పు, పండగొస్తే పూర్ణం దాకా కందితో మా ఇంట్లో అయ్యేవన్నీ నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. మా ఆవిడది అమలాపురం దగ్గర పల్లెటూరు, పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో రోజూ పప్పేనా అని విసుక్కున్న మనిషి. కాబట్టి విదేశం వెళ్ళి కందుల వెంట తిరగడం ఆవిడకి ఇష్టమై చేసిన పనేం కాదు.

జనవరి 27, లాపాజ్ మార్కెట్

మా పిల్ల పొద్దున్నే క్లాసుకి పోతూ, జీప్నీ, అంటే అక్కడి షేర్ జీపు, దాని అద్దం మీద లాపాజ్ అని రాసుంటే ఎక్కండి చిన్నాన్నా అని చెప్పింది. వచ్చిన దాని మీద జారో అని ఇంకో పేట పేరు పెద్దగా, కింద ఇంకేవో పేర్లు చిన్నగా ఉన్నాయి. ఖాళీగా ఉంది కదా అని ఎక్కేశాం. జీప్నీలో కండక్టర్ ఉండడు. డబ్బులు పక్కవాళ్ళ చేతికిస్తే చేతులు మారుతూ డ్రైవర్ దాకా పోతాయి, చిల్లర కూడా అలాగే వెనక్కొస్తుంది, మధ్యలో ఒక్క పెసో తగ్గదు. దిగాలంటే "సా లుగర్ లాంగ్" అని కేకెయ్యాలి. ఆ ముక్క మాకు నేర్పిన తోటి ప్రయాణికురాలే, మేం లాపాజ్ అంటుంటే విని నవ్వి, మమ్మల్ని జారో ప్లాజా దగ్గర దింపి, గడ్డంతో కాదు, చెయ్యితో కాదు, పెదాలు ముందుకి చాపి రోడ్డు అవతలి జీప్నీని చూపించింది. అక్కడ దారి చూపించడమంతా పెదాలతోనే. రెండ్రోజులకి మా ఆవిడ కూడా అలాగే చూపించడం మొదలుపెట్టింది.

జారోలో చర్చి గంటల గోపురం చర్చికి ఆనుకుని ఉండదు, రోడ్డుకి ఇవతల విడిగా నిలబడి ఉంటుంది. ఫిబ్రవరి 2న కాండెలారియా (మరియ మాత) పండగని అప్పటికే తోరణాలు కట్టేస్తున్నారు. కొవ్వొత్తులమ్మేవాళ్ళు వరసగా కూర్చున్నారు. మళ్ళీ వద్దాంలే అనుకుని రెండో జీప్నీ ఎక్కాం.

లాపాజ్ మార్కెట్ అంటే అందరికీ బాచోయ్ గుర్తొస్తుంది, 1930లలో ఆ మార్కెట్లోనే పుట్టిందంటారు. నూడుల్స్, పంది కాలేయం, ఎముకల రసం, పైన పంది చర్మం వేపుడు. నేను తిన్నాను, బాగుంది, దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నాను. కూరగాయల వైపు వెళ్ళాక నాకు అడుగు ముందుకి పడలేదు.

నేల మీద గోనెపట్టా పరుచుకుని నలుగురు ఆడవాళ్ళు కందికాయలు వలుస్తున్నారు. కాయ చూస్తే మనదే, గుత్తులూ ఆకులూ మనవే. గింజ మాత్రం మన ఎర్ర కంది కాదు. నేరేడు పండు రంగు, కొన్ని దాదాపు నలుపు, మధ్యలో ఇంకా ముదరని ఆకుపచ్చవి నాలుగు. వాళ్ళు దీన్ని కద్యోస్ అంటారు. వలిచిన గింజలు గాజు గ్లాసుతో కొలిచి అమ్ముతున్నారు, గ్లాసు 40 పెసోలు. పెసో అంటే మనకి రూపాయిన్నర అనుకోండి. అరవై రూపాయలకి గ్లాసెడు పచ్చి కందులు! మా ఊరి రైతులకి చెప్తే విమానం టికెట్ కొనుక్కుంటారు.

మధ్యాహ్నం పిల్ల వచ్చి కలిసింది, దాని ద్వారా మాటలు నడిచాయి. ఇండియాలో కద్యోస్ ఉంటుందా అని ఆ గింజలమ్మే మనిషి అడిగింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండించేది మేమే, అయినా చాలక బర్మా నుంచీ ఆఫ్రికా నుంచీ కొనుక్కుంటాం అన్నాను. మరి దేంతో కలిపి వండుతారు, పందా, కోడా? ఎండబెట్టి, మరలో చీల్చి, పొట్టు తీసేసి, ఉడకబెట్టి మెత్తగా మెదిపి తింటాం అని చెప్పించాను. ఆవిడ వలవడం ఆపి, పక్కావిడ వైపు చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఎందుకు?"

నా దగ్గర జవాబు లేదు. గుగ్గిళ్ళు చేసుకుంటామనీ, పచ్చి కాయలు ఉప్పేసి ఉడకబెట్టి కాలక్షేపానికి ఒలుచుకు తింటామనీ చెబుదామనుకున్నాను గానీ, ఆవిడ అడిగింది అది కాదని నాకే తెలుస్తోంది.

పక్కన బుట్టలో చిన్న పచ్చి నిమ్మకాయల్లా గుండ్రంగా బతువాన్ కాయలు, కుప్ప 20 పెసోలు. పులుపంతా వీటితోనే. మనీలా వైపు పులుసుకి ఎక్కువగా చింతకాయ వాడతారు, పనాయ్, నెగ్రోస్ దీవుల్లో మాత్రం బతువానే. కోకం చెట్టుకీ, కేరళవాళ్ళు చేపల పులుసులో వేసే కుడంపులికీ చుట్టమే ఇది. కొరికి చూశాను. పళ్ళు జిల్లుమన్నాయి, కానీ చింతపండులా గొంతు పట్టే పులుపు కాదు, చివర్లో పండు వాసన మిగులుతుంది. ఆ పక్కనే లేత పనసకాయ ముక్కలు సంచుల్లో కట్టి పెట్టారు. అక్కడ మా ఆవిడ ఆగింది. ముక్క ఎంత మందంగా కోశారో, కత్తికి నూనె రాశారో లేదో, జిగురు ఎలా పోగొట్టారో మొత్తం విచారణ జరిగింది. పనస పొట్టు కొట్టడంలో వాళ్ళ ఊరివాళ్ళని మించినవాళ్ళు లేరని ఆవిడ నమ్మకం.

జనవరి 28, మొలో

నగరంలోనే మొలో అనే పేట, అక్కడి చర్చికి కాస్త దూరంలో చిన్న పూటకూళ్ళ హోటల్, కరిందేరియా అంటారు. మెనూ ఉండదు. అద్దాల వెనక గిన్నెలు వరసగా ఉంటాయి, మూత తీసి చూసి ఏది కావాలో వేలు పెట్టి చూపించడమే. మూతలు తీసి వాసన చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు, చూడకుండా అడిగితేనే వింతగా చూస్తారు.

ఇక్కడ తిన్నాను మొదటిసారి, కద్యోస్ బాబొయ్ లంగ్కా. కందులు, పంది, పనస. ముద్దుగా కేబీఎల్ అంటారు. గిన్నె 90 పెసోలు, కప్పు అన్నం 15. రంగు చూసి మనవాళ్ళు వెనక్కి తగ్గే అవకాశం ఉంది, ఎందుకంటే కందుల పొట్టు రంగంతా దిగి రసం బూడిద కలిసిన ఊదాగా ఉంటుంది. నేను పంది మాంసం తింటాను, హైదరాబాద్‌లో ఎప్పుడో గానీ దొరకదు. మాంసం మెత్తగా ఎముక నుంచి జారిపోతోంది, పనస ముక్క దాని కొవ్వంతా పీల్చుకుని అదీ మాంసంలాగే ఉంది, కందులు మాత్రం పగలకుండా, నోట్లో పెట్టుకుంటే చిట్లి లోపల పిండిలాగా. పులుపు చివర్న తెలుస్తుంది. కారం లేదు, పసుపు లేదు, పోపు లేదు. ఒక పచ్చి మిరపకాయ చితికి పోకుండా నిలువునా తేలుతోంది, కావాలంటే నలుపుకోవచ్చు.

అక్కడ అందరూ చెంచా, ఫోర్కుతోనే తింటారు. మా పిల్ల కూడా అలవాటు పడిపోయింది. నేను చేత్తో కలుపుతుంటే హోటలావిడ చూసి, ఏమీ అనకుండా చిన్న గిన్నెలో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. రెండోసారి అన్నం డబ్బులు తీసుకోలేదు. మా ఆవిడ పంది ముట్టదు కాబట్టి అన్నంలోకి గుడ్డు, మునగాకూ గుమ్మడికాయా బెండకాయా కలిపి ఉడకబెట్టిన లాస్వా అనే పల్చటి కూర తింది. బావుందిగానీ ఎవరో పోపు వెయ్యడం మర్చిపోయారంది.

సాయంత్రం మా పిల్ల స్నేహితురాళ్ళు పెద్ద రెస్టారెంట్‌కి తీసుకెళ్ళారు. 2023లో ఇలోయిలోకి యునెస్కో వాళ్ళు వంటకాల నగరం అని గుర్తింపు ఇచ్చారు, ఫిలిప్పీన్స్‌లో ఇదే మొదటిది, ఊళ్ళో ఎక్కడ చూసినా ఆ బోర్డులే. ఈ రెస్టారెంట్లో అదే కేబీఎల్ 380 పెసోలు. మట్టికుండలో తెచ్చారు, పైన పువ్వు పెట్టారు. పులుపు నాలుక మీద గీసుకుపోయింది, బతువాన్ ఒక్క కాయ కూడా గిన్నెలో లేదు, పొట్లంలో అమ్మే పులుపు పొడి వేశారని పిల్లలే తేల్చారు. ఇలోయిలో వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే, గిన్నె అడుగున బతువాన్ కాయ కనబడని చోట ఈ పులుసు తినకండి.

జనవరి 29, మియగావ్

నగరానికి పడమరగా 40 కిలోమీటర్లు. 1797లో కట్టడం పూర్తయిన రాతి చర్చి, 1993 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ముందు గోడ నిండా చెక్కిన బొమ్మల్లో బాల యేసుని మోస్తున్న సెయింట్ క్రిస్టఫర్ కొబ్బరి చెట్టుని పట్టుకుని ఉంటాడు, చుట్టూ బొప్పాయి, జామ. కోనసీమ మనిషికి ఇంకేం కావాలి, గంటసేపు అక్కడే కూర్చుంది. తిరుగు దారిలో ఎండుచేపలు కొన్నాం, సంచీలోంచి వచ్చిన వాసనకి హోటల్ గదిలో రెండ్రోజులు కిటికీ తీసే పడుకున్నాం.

జనవరి 30, శాంటా బార్బరా

మా పిల్ల ఉండే ఇంటి యజమానురాలిని అందరూ తీతా అంటారు, అంటే అత్తయ్య, పిన్ని, అన్నీ. అరవై దాటిన మనిషి. మా ఆవిడ ఏమీ తినడం లేదని ఎవరు చేరవేశారో, మా అమ్మగారింటికి రండి, కోడితో చేస్తాం అంది. నగరానికి ఉత్తరాన శాంటా బార్బరా అనే ఊరు, దారంతా వరి పొలాలు. ఆ పొలాల గట్ల మీదే కంది మొక్కలు, ఒకటి ఇక్కడ, రెండు అక్కడ, కంచె పక్కన నాలుగు. మాకు కంది అంటే చేను. కనుచూపు మేర అదే ఉండాలి, ధర పడిపోతే అప్పులు, వాన ఎక్కువైతే తెగుళ్ళు, పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇచ్చిన కొత్త విత్తనం ఎలా ఉందని రచ్చబండ దగ్గర చర్చలు. ఇక్కడ పెరట్లో కరివేపాకు చెట్టు ఎలా ఉంటుందో అలా ఉంది కంది. ఎవరూ దానికోసం టెన్షన్ పడటం లేదు. ఎనభై దాటిన ఆ ఇంటి పెద్దావిడ, లోలా, కూర వండాలనుకున్నాక బుట్ట పట్టుకుని గట్టు మీదకి వెళ్ళి కోసుకొచ్చింది.

గుమ్మంలోకి వెళ్ళగానే మా పిల్ల వంగి లోలా చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకుంది. పెద్దవాళ్ళకి అదే దండం. మేమూ అలాగే చేశాం. కూర్చోకముందే "కాఓన్ తా" అన్నారు, తిందాం రండి అని. పక్కింటివాళ్ళు వాకిట్లోంచి పోతుంటే వాళ్ళనీ అలాగే పిలిచారు. పిలుపు నిజమే గానీ వెంటనే వచ్చి కూర్చోరు, నవ్వుతూ వద్దని పోతారు. మా పల్లెలోనూ అంతే కాబట్టి ఆ మర్యాద మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

వండింది కద్యోస్ మనోక్ ఉబద్. కందులు, కోడి, అరటి దూట. గెల కోసేసిన అరటి చెట్టుని తీతా తమ్ముడు కత్తితో కొట్టి, పొరలన్నీ ఒలిచి మధ్యలోని తెల్లటి దూట పట్టుకొచ్చాడు. చక్రాల్లాగా తరిగేటప్పుడు సాలెగూడులాంటి నార వస్తుంది కదా, లోలా దాన్ని చిన్న పుల్లకి చుట్టి తీస్తోంది. మా ఆవిడ ఇక ఆగలేదు. పక్కన కూర్చుని, చక్రం కోసి, నార చూపుడు వేలికి చుట్టేసి తియ్యడం మొదలుపెట్టింది. లోలా ఆ వేలిని చూసి, తన పుల్ల పక్కన పెట్టి, వేలితో ప్రయత్నించి, కుదరక మళ్ళీ పుల్ల తీసుకుంది. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు, గంటన్నర కబుర్లు చెప్పుకున్నారు. మనం మజ్జిగలో వేసినట్టే నల్లబడకుండా ఉప్పునీళ్ళలో వేశారు తరిగిన దూటని.

వంట సంగతి వివరంగా రాస్తాను, అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాటుకోడి ముక్కలు, ఉల్లిపాయ, టమాటా, ముడి వేసిన నిమ్మగడ్డి నాలుగు పోచలు, నీళ్ళు. కట్టెల పొయ్యి మీద అది మరుగుతుండగా కందులు వేశారు. పచ్చి కందులు కాబట్టి అరగంట పైన పట్టింది, ఎండువైతే ముందురోజు రాత్రి నానబెడతారట. కుక్కర్ వాడొచ్చు కదా అని నేను అడిగితే తీతా మొహం మాడ్చింది, కుక్కర్లో కందులు పగిలి రసం బురదవుతుందని. కోడి సగం ఉడికాక అరటి దూట, తర్వాత బతువాన్ కాయలు రెండు మూడు చితక్కొట్టి, ఉప్పు. అన్నీ ఉడికాక పొయ్యి ఆర్పేసి ఆఖర్న గుప్పెడు బచ్చలాకు. పొయ్యి మీద ఉన్నంతసేపూ గరిటె పెట్టి కెలకలేదు, గిన్నె చెవులు పట్టుకుని ఓసారి ఊపింది అంతే.

పొయ్యి ఆర్పగానే మా ఆవిడ నా చెవిలో, పోపు ఇప్పుడు వేస్తారా అంది. వెయ్యరు. నూనె చుక్క కూడా వెయ్యలేదు, కోడి కొవ్వే పైన తేలింది. అయితే ఆ పూట మా ఆవిడ రెండోసారి, మూడోసారి అన్నం పెట్టించుకుంది. నాకు మొలోలో తిన్న పందికూర కంటే ఇదే నచ్చింది. పంది కొవ్వు పక్కన కంది గింజ కాస్త వెనకబడిపోతుంది. కోడి రసం పల్చన, దూటకి సొంత రుచి లేదు, కరకరలాడుతుందంతే, కాబట్టి నోట్లో తెలిసేదంతా కంది. ఆ మట్టి వాసన, ఆ కొద్దిపాటి తీపి మా చేలో పచ్చికాయ ఒలుచుకు తింటే వచ్చేదే. పొట్టు తీసి పప్పు చేశాక అందులో సగం పోతుంది. ఇన్నేళ్ళు పప్పు తిన్న నోటితోనే చెప్తున్నాను, మనం కందికి కొంచెం అన్యాయం చేస్తున్నాం. ముద్దపప్పు మానెయ్యమని కాదు, మా అమ్మ ఇది చదివితే ఇంటికి రానివ్వదు.

వచ్చేటప్పుడు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. హైదరాబాద్ నుంచి తెచ్చిన జీడిపప్పు పాకం డబ్బా ఇస్తే తీసుకుని, ఆ డబ్బా నిండా వలిచిన కందులు పోసి తిరిగిచ్చారు. ఖాళీ డబ్బా వెనక్కి ఇవ్వరట.

ఫిబ్రవరి 1, తీతా వంటిల్లు

పండగ ముందురోజు ఇంటి నిండా చుట్టాలు. పనివాళ్ళందరికీ పెద్ద డేగిసాలో కేబీఎల్ పెట్టింది తీతా. ఈవిడ పద్ధతి వేరు, పంది మాంసాన్ని ముందు బొగ్గుల మీద కాల్చి, అంచులు మాడాక ముక్కలు చేసి కందుల్లో వేసింది, దాంతో రసానికి పొగ వాసన పట్టింది. ఆకుకూర కూడా వేరే, ఇందులో చిలగడదుంప తీగ చివుళ్ళు. అవి మనం మేకలకి వేస్తామని చెప్పాను, ఎవరూ నమ్మలేదు. పనస ముక్కలు ఈసారి మా ఆవిడ కోసింది. వాళ్ళు కోసే సైజులో సగం కోసింది, ఎందుకంత చిన్నవి అని తీతా, ఎందుకంత పెద్దవి అని ఈవిడ, చివరికి డేగిసాలో రెండు రకాలూ పడ్డాయి.

ఫిబ్రవరి 2, జారో

ఊరేగింపు, ఎండ, చెమట, బ్యాండు మేళాలు. జారో మాత విగ్రహానికి 1981లో పోప్ రెండో జాన్ పాల్ స్వయంగా కిరీటం పెట్టారు, ఆ విగ్రహం ఏటా కొంచెం పెరుగుతుందని భక్తుల నమ్మకం. పండగ రోజు ఎవరింటి తలుపైనా తెరిచే ఉంటుంది, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళని వెంటబెట్టుకుని వచ్చినా ప్లేటు ఇస్తారు. మేం ముందు మూడిళ్ళు తిరిగాం. ప్రతి బల్ల మీదా కాల్చిన పెద్ద పంది, పసుప్పచ్చటి జిగురు బియ్యంతో వాలెన్సియానా, పాన్సిట్ మొలో అనే కుడుముల సూపు, కొబ్బరి మిఠాయిలు. కందులు ఎక్కడా లేవు. తీతాని అడిగితే, అతిథులకి కద్యోస్ పెడతారా ఎవరైనా, ఇంట్లో తినేది కదా అంది.

నాలుగో ఇంట్లో మా ఆవిడ, తినలేను బాబూ, కాస్త పులుపు తగిలితే బావుండు అంటుంటే మా పిల్ల వంటింటి వైపు తీసుకెళ్ళింది. అక్కడ గిన్నెలు కడుగుతున్న ఇద్దరు ఆడపిల్లలు, వండిపెట్టడానికి వచ్చిన ముసలాయన ఒకాయన పీటలేసుకుని వాళ్ళ కోసం దాచుకున్న నిన్నటి కందుల కూర వేడి చేసుకుంటున్నారు. మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చారు. పంది ముక్కలు ఏరి అవతల పెట్టి, రసం, కందులు, పనస మాత్రం మా ఆవిడ ప్లేటులో వేశారు. పంది ఉడికిన రసమే కదా అని నేను గుర్తుచెయ్యబోతే, నువ్వూరుకో అంది. రెండో రోజుకి రసం ఇంకా చిక్కబడి, కందులు పులుపంతా పీల్చుకుని ఉన్నాయి. బయట బ్యాండు వాయిస్తూనే ఉంది, యజమానురాలు వెతుక్కుంటూ వచ్చి మేం వంటింట్లో కూర్చోవడం చూసి, అయ్యో అని నొచ్చుకుని, తనూ ఒక గిన్నె తీసుకుంది.